మీ ఇంట్లో ఎవరికైనా

తలుపు రెక్కలు రెండూ ఒకదాని వెనక ఒకటి ఊగి, ఊగడం తగ్గి, చివరికి అంచుకి అంచు కలిసి ఆగిపోయేదాకా అతను కదల్లేదు. తలమీద కాగితం టోపీ, చొక్కా మీద వాళ్ళు తొడిగిన ఆకుపచ్చ అంగీ అలాగే ఉన్నాయి. సిస్టర్ వచ్చి వెనక ముడి విప్పి, "గంట పడుతుందండి, అక్కడ కూర్చోండి" అని వరసగా వేసిన కుర్చీలు చూపించి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. కూర్చున్నాడు. మోచేతి మడతలో ఏదో వాసన తగిలింది. చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. తియ్యగానే ఉంది, కాని తినేవాటి తీపి కాదు. కొత్తగా రంగు వేసిన గదిలో ఎవరో పండు ఒలిచినట్టుంది. మత్తిచ్చే గ్యాసు వాసన. మాస్కు పెట్టేటప్పుడు కూతురు గువ్వ తల కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు కదా, అంచుల్లోంచి కాస్త తప్పించుకుని చొక్కాకి అంటుకుని ఉంటుంది. లోపల పిల్ల ఇదే పీలుస్తోంది, ఇక్కడ తను దాని మిగులు పీలుస్తున్నాడు. "గట్టిగా ఊదు బంగారం, నిన్న వచ్చిన పిల్ల కంటే పెద్ద బెలూన్ చెయ్యాలి" అంది మత్తు డాక్టరు. ఆస్పత్రిలో అందరూ ఆవిడని అలాగే అంటున్నారు, ఆవిడ కూడా "నేను మీ పాప మత్తు డాక్టర్ని" అనే చెప్పుకుంది. గువ్వకి పందెం అంటే చాలు. ఆరేళ్ళ ఊపిరి ఎంతుంటే అంతా పెట్టి నాలుగుసార్లు ఊదింది. ఐదోసారి ఊదుతూ ఉండగానే చూపు అతని మీంచి జారి ఎటో వెళ్ళిపోయింది, కాళ్ళు రెండూ ఒక్కసారి తన్నుకున్నాయి. అదీ ముందే చెప్పింది ఆవిడ. "కాళ్ళు కొట్టుకుంటుంది, కళ్ళు తేలేస్తుంది, గురక వస్తుంది. కంగారు పడకండి, అప్పటికి పాపకి ఏమీ తెలీదు. చూసేవాళ్ళకే కష్టం." చూసేవాళ్ళకే కష్టం. మూడేళ్ళ కింద గువ్వ తల్లి ఆఖరి వారం మంచం పక్కన కూర్చున్నప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే, నమ్మేవాడో లేదో గాని, పట్టుకుని కూర్చోవడానికి ఒక మాటైనా ఉండేది.

ఆమె ఉంటే నిన్న ఆ డాక్టర్ని అంత తేలిగ్గా వదిలేది కాదు. ఎంత మత్తు, ఎంతసేపు, ఎవరు ఇస్తారు, లేవకపోతే ఏం చేస్తారు, అన్నీ అడిగి, ఒక కాగితం మీద రాసుకుని, ఇంటికొచ్చాక మళ్ళీ ఫోన్ చేసి ఇంకో రెండు అడిగేది. అతనికి అడగడం రాదు. ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం వచ్చు, అదీ ఒక్క ముక్కలో. నిన్న చిన్న గదిలో బల్లకి అవతల కూర్చుని ఆవిడ ఓపిగ్గా చెప్పుకుంటూ పోయింది. సూది కంటే పిల్లలకి గ్యాసే నయమండి, గుచ్చేది లేదు, ఏడిపించేది లేదు, ఊపిరితో లోపలికి వెళ్తుంది, ఊపిరితోనే బయటికి వచ్చేస్తుంది, ఎంత కావాలంటే అంత ఇవ్వచ్చు, తిప్పే మీట నా చేతిలోనే ఉంటుంది, ఆపితే పది పదిహేను నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. అలాగని అన్నీ మంచే అని చెప్పను. లేచాక వాంతులు కావచ్చు, వణకచ్చు. కొందరు పిల్లలు లేస్తూనే పెద్దగా ఏడుస్తారు, తల్లినీ తండ్రినీ గుర్తుపట్టరు, కొడతారు, కొరుకుతారు, అరగంటలో తగ్గిపోతుంది, తర్వాత వాళ్ళకి గుర్తు కూడా ఉండదు. గొంతు ఒక్కోసారి పట్టేస్తుంది, అందుకే నేను తల దగ్గరనుంచి కదలను. ఇంకోటి ఉంది, వేలల్లో ఒకరికి వస్తుందో రాదో, అది కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. ఇక్కడిదాకా విన్నాడు. ఆ తర్వాత ఆవిడ ముందుకు తోసిన కాగితం మీద పెన్ను రాయలేదు, విదిలించాడు, పక్కన గీశాడు, ఆవిడ తన జేబులోది తీసి ఇచ్చింది, ఆ సందులో ఆవిడ ఇంకేదో చెప్పింది, కండరాలు అంది, వేడి అంది. "మీ ఇంట్లో ఎవరికైనా, రక్తసంబంధం ఉన్నవాళ్ళకి, మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా?" "లేదండి." ఇంట్లో అనగానే అతనికి ఇద్దరే గుర్తొచ్చారు. గువ్వ, తను. లేదు అన్న గడిలో టిక్కు పెట్టాడు. దాని కింద తల్లి సంతకం అని ఉన్నచోట ఏం చెయ్యాలో తెలీక ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడకి అర్థమై, ఒక అడ్డగీత గీసి కాగితం తీసుకుంది. ఒక్క గీత. గీసిన చెయ్యి మెత్తటిదే, కాని గీత గీతే కదా.

ఎక్కడో గోడ వెనక లిఫ్టు పైకి వస్తోంది. చూడక్కర్లేదు, చెవులకి తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మెకానిక్కు చెవులు. రెండో అంతస్తు దాటింది, మూడులో ఆగుతుంది, ఆగేముందు సన్నగా కీచుమంది, బ్రేకు పట్టీ అరిగింది, ఇంకో రెండు నెలలు లాగిస్తారు వీళ్ళు. చెబుదామా అనుకున్నాడు. ఎవరికి చెప్తాడు? అతను పనిచేసే చోట మాట్లాడటానికి మనుషులుండరు. మేడ మీద గదిలో మోటారు, కింద చీకటి గుంట, మధ్యలో తీగతాళ్ళు. మనుషులు దొరికేది వాళ్ళు ఇరుక్కున్నప్పుడే. రెండంతస్తుల మధ్య ఆగిపోయిన పెట్టెలో ఉన్నవాళ్ళకి తలుపు సందులోంచి, "నేను పైనే ఉన్నానండి, ఎక్కడికీ వెళ్ళను, పది నిమిషాలు" అని చెప్తూ పనిచేస్తాడు. చీకట్లో ఉన్నవాళ్ళు ఏవేవో చెప్తారు, ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాననీ, రక్తపోటు ఉందనీ. ఒకావిడైతే తన మొగుడంటే ఇష్టం లేదని కూడా చెప్పింది. తలుపు తెరుచుకోగానే అతని ముఖం వంక చూడకుండా వెలుగులోకి పరిగెత్తుతారు. అది తప్పనుకోడు. వెలుగు అలాంటిది. ఇంటికొచ్చాక గువ్వకి చెప్తాడు, ఇవాళ ఎంతమందిని బయటికి తీశాడో. గువ్వ పక్కమీద బోర్లా పడుకుని, నోటితో ఊపిరి తీసుకుంటూ వింటుంది. ముక్కు వెనక గ్రంథులు వాచి పిల్లకి నిద్రలో ఊపిరి అందదు. గురకపెట్టి, గురకపెట్టి, ఒక్కసారి ఆగిపోతుంది. ఆగినప్పుడు లెక్కపెడతాడు. ఒకటి, రెండు, మూడు. ఏడులోపల మళ్ళీ అందుకుంటుంది. ఒకరోజు పదకొండు దాకా వెళ్ళింది. ఆ పదకొండు వల్లే ఇవాళ ఈ కుర్చీలో ఉన్నాడు.

హాల్లో అందరూ జంటలుగా ఉన్నారు. అతనికి ఎదురుగా ఒక పెద్దావిడా కూతురూ ఒకే సీసాలో నీళ్ళు మార్చి మార్చి తాగుతున్నారు. గోడవైపు ఒక కుర్రజంట ఒకే ఫోన్లోకి చూస్తోంది, చూస్తున్నారే గాని ఇద్దరికీ కనిపించడం లేదు. పెద్దావిడ పలకరించింది. "పాపా, బాబా?" "పాపండి." "మీ ఆవిడ రాలేదా?" "లేదండి." మళ్ళీ అదే మాట. లేదండి, లేదండి. ఇంకా ఎవరైనా వస్తారా అని ఆవిడ చూపు తలుపువైపు వెళ్ళి వచ్చింది. ఎవరొస్తారు? ఫోన్ తీశాడు. పేర్ల వరసలో మొదట ఉండేది అన్నయ్యే. నాలుగేళ్ళుగా ఆ పేరు మీద వేలు ఆగకుండా కిందికి జారిపోవడం అలవాటైంది. ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు నడుపుతాడు అన్నయ్య, అక్కడే గది, పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయిన రోజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, పొడి కళ్ళతో, రైలు కోసం నిలబడ్డ మనిషిలా. అప్పుడు అతనికి ఒళ్ళు మండిపోయి అందరి ముందూ అనేశాడు. "నీకు అసలు గుండె ఉందా? పుట్టి బుద్ధెరిగాక ఎవరి కోసమైనా ఏడ్చావా నువ్వు?" అన్నయ్య అతని వంక చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు గువ్వ తల్లి పోయినప్పుడు వచ్చాడు, అందరికీ వెనకాల నిలబడి, ఎవరూ చూడకముందే వెళ్ళిపోయాడు. వచ్చాడని ఇంకెవరో చెప్తే తెలిసింది. అంత రాతిమనిషీ ఒక్క విషయంలో వణికిపోయేవాడు. అమ్మ పోవడానికి ముందు, గువ్వ అడుగులు నేర్చి కిటికీ అరుగు ఎక్కుతుంటే, అది మోకాలెత్తే అయినా, "దించు, ముందు దాన్ని దించు" అని కేకపెట్టి, తానే వచ్చి పిల్లని లాక్కుని నేలమీద కూర్చోబెట్టాడు. పిల్ల బెదిరిపోయి ఏడ్చింది. అప్పుడు నవ్వుకున్నారు, బ్రహ్మచారికి పిల్లల సంగతి తెలీదని.

గోడమీద గడియారంలో ఇరవై నిమిషాలయింది. ఇంక నలభై. లేచాక ఐస్‌క్రీమ్ పెట్టచ్చని సిస్టర్ అంది, గొంతుకి చల్లగా ఉంటుందట. గువ్వ వెంటనే రెండు అంది. ఒకటి ఇప్పటికి, ఒకటి నొప్పి వస్తే అని. కింద వీధి మలుపులో కొట్టు చూశాడు వచ్చేటప్పుడు. ఇప్పుడు కొంటే కరిగిపోతుంది. పిల్ల లేచాక వదిలి ఎలా వెళ్తాడు? ఎవరినైనా పంపుదామంటే ఎవరున్నారు? ఐసు పెట్టెలో పెట్టి తెచ్చి ఉంచుకుంటే. ఐసు. అతనికి ఊహ తెలిశాక మొట్టమొదటి జ్ఞాపకం అదే, మంచుగడ్డ. గువ్వకి వందసార్లు చెప్పిన కథ. నాన్నకి నాలుగేళ్ళప్పుడు, ఒక పెద్ద ఇంట్లో, ఇద్దరు మనుషులు తడి గోనెలో ఇంత పొడుగు మంచుదిమ్మె మోసుకుంటూ పరిగెత్తారు. నేలమీద నీళ్ళ చారిక పడింది. ఆ చారిక మీద అడుగులు వేసుకుంటూ నాన్న వెనకాలే వెళ్ళాడు. వాళ్ళు సుత్తితో పగలగొట్టారు, ముక్కలు ఎగిరాయి, ఒకతను ఒక ముక్క తీసి నాన్న నోట్లో పెట్టాడు. పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకోటి, ఇంకోటి. ఆ రోజు నాన్నని ఎవరూ వద్దనలేదు. ఎవరి ఇల్లు నాన్నా అది? తెలీదమ్మా, చాలా పెద్దది, పొడుగ్గా ఉండేది. గోడలు సగందాకా ఆకుపచ్చగా, పైన తెల్లగా ఉండేవి. అతను తలెత్తి ఎదుటి గోడ చూశాడు. సగందాకా లేత నీలం, పైన తెలుపు. ఇళ్ళల్లో ఎవరూ గోడలకి అలా రంగు వెయ్యరు. ఆ పొడుగాటి ఇంట్లో ఒక బల్ల ఉంది. బల్ల ఖాళీగానే ఉంది, అమ్మ మాత్రం కింద నేలమీద కూర్చుంది, ఒక కాలికే చెప్పుంది. అన్నయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు, నుదురు గోడకి ఆనించి. నోట్లో మంచుముక్కతో తను వాళ్ళ దగ్గరికి వెళ్ళి చూపించాడు, చూడు అమ్మా అని. అమ్మ చూడలేదు. అక్క లేదక్కడ. అక్కకి ఏడేళ్ళు. చెయ్యి విరిగింది, అతికించడానికి తీసుకెళ్ళారు, జ్వరం తగిలి పోయింది. ఇంట్లో ఆ మాట ఎప్పుడొచ్చినా అంతే, జ్వరం తగిలి పోయింది, ఆ పైన ఎవరూ ఏమీ అనేవారు కాదు, కొన్నాళ్ళకి ఆ మాట కూడా రావడం మానేసింది. విరిగిన చేతికి దిమ్మెల కొద్దీ మంచుగడ్డ ఎందుకు తెస్తారు? పరిగెత్తుతూ ఎందుకు తెస్తారు? కొన్ని కుటుంబాల్లో ఉంటుందండి, ఈ గ్యాసు పడదు, కండరాలు బిగుసుకుపోతాయి, ఒళ్ళు పొయ్యిలా కాలిపోతుంది, ఐసు వేసినా దిగదు, అందుకే అడుగుతున్నాను, మీ ఇంట్లో ఎవరికైనా. నిన్న పెన్ను విదిలిస్తూ వినలేదనుకున్న మాటలన్నీ, ఒక్కటి పోకుండా, ఇప్పుడు వినిపించాయి.

లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. నాలుగేళ్ళ పిల్లాడి జ్ఞాపకం, మంచుముక్కలు తిన్న కథ, దాన్ని పట్టుకుని వెళ్ళి ఆపరేషన్ జరుగుతున్న తలుపు కొడతాడా? ఏమంటాడు? వాళ్ళు నవ్వుతారు. లేదా నవ్వరు, అది ఇంకా ఘోరం. ఎవరినైనా అడగాలి, ఇది పిచ్చి ఆలోచనా కాదా అని. గువ్వ తల్లి ఉంటే అడిగేవాడు. ఆమె ఈపాటికి తలుపు విరగ్గొట్టి ఉండేది. ఆ తలపుకే కాళ్ళు కదిలాయి. వెళ్ళి తలుపు కొట్టాడు. ఎవరూ రాలేదు. అరచేత్తో బాదాడు. హాల్లో అందరూ తలలెత్తారు. సిస్టర్ సగం తెరిచి, "కొట్టకూడదండి, లోపల—" అంది.

"మా అక్క," అన్నాడు. "నిన్న లేదని రాశాను. ఉంది. మా అక్కకి ఏడేళ్ళప్పుడు చెయ్యి అతికించడానికి తీసుకెళ్తే అక్కడే పోయింది. జ్వరం అన్నారు. ఐసు గడ్డలు తెచ్చారు. నేను చూశాను. డాక్టరుగారికి చెప్పండి."

సిస్టర్ అతని ముఖం వంక ఒక్క క్షణం చూసి, తలుపు వెయ్యకుండానే వెనక్కి పరిగెత్తింది. నిమిషం కూడా కాలేదు, మళ్ళీ వచ్చింది. "గ్యాసు ఆపేశారు. డాక్టరుగారు అడగమన్నారు. ముందునుంచీ జ్వరం ఉందా, మత్తిచ్చాకే వచ్చిందా? దవడ బిగుసుకుందా? ఒళ్ళు బిగుసుకుందా? ఎవరికైనా తెలుసా?"

ఆ సంగతి తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఈసారి వేలు జారలేదు. రెండు మోతలకే ఎత్తాడు.

"అన్నయ్యా, నేను."

పంపు చప్పుడు వినిపిస్తోంది వెనకాల. "ఊ."

"అక్కకి చెయ్యి విరిగినప్పుడు ఆస్పత్రిలో ఏం జరిగింది? తొందరగా చెప్పు. గువ్వకి మత్తిచ్చారు, లోపలుంది."

అన్నయ్య ఎందుకని అడగలేదు. ఇన్నేళ్ళుగా రోజూ లోపల్లోపల చదువుకుంటున్న పాఠం అప్పజెప్పినట్టు, ఎత్తూ దించూ లేని గొంతుతో చెప్పాడు. "జ్వరం లేదు. నడుచుకుంటూ వెళ్ళింది లోపలికి. కాసేపటికి అటూ ఇటూ పరిగెత్తారు. నేను తలుపు సందులోంచి దూరాను. నోరు తెరుచుకోవడం లేదు, నోరు తెరుచుకోవడం లేదు అంటున్నారు. నేను కాలు పట్టుకున్నాను. కట్టెలా ఉంది. కాలిపోతోంది. నన్ను బయటికి గెంటేశారు."

అతను ఒక్కొక్క ముక్కా సిస్టర్‌కి అందించాడు. జ్వరం లేదు. నోరు తెరుచుకోలేదు. ఒళ్ళు కట్టెలా. కాలిపోతూ. ఆమె పూర్తిగా వినకుండానే వెళ్ళిపోయింది. "ఏమైందిరా?" అంటున్నాడు అన్నయ్య. "తెలీదు. మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఎంతసేపో గడియారమే చెప్పాలి, అతను దానివంక చూడలేదు. వసారా అవతలినుంచి ఇద్దరు సిస్టర్లు పెట్టెలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, తలుపు ఊగింది, ఊగిన ప్రతిసారీ చీలిక మేర లోపలి వెలుగు, ఆ చీలికలో నలుగురు ఒక బల్ల చుట్టూ నిలబడి చిన్న చిన్న సీసాలు రెండు చేతులా గిలక్కొడుతున్నారు, ఒకటి అవగానే ఇంకోటి, ఏమీ మాట్లాడుకోకుండా. పిల్ల కనిపించలేదు. పిల్ల ఇంకా లోపలికి ఉంటుంది. ఒకతను ప్లాస్టిక్ సంచినిండా ఐసు పట్టుకుని వచ్చాడు, సంచి అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయి, అది చూసి తను కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే అమ్మ ఒంటి చెప్పు. తెరిస్తే నేలమీద నీళ్ళ చారిక. లేదండి అని రాసింది ఈ చెయ్యే. గడిలో టిక్కు పెట్టింది ఈ చెయ్యే, తల కింద పట్టుకుని మాస్కుకి ముఖం అందించిందీ ఇదే. గట్టిగా ఊదమ్మా అని తనూ అన్నాడు, డాక్టరుతోపాటు. నువ్వు ఎక్కడుంటావు నాన్నా అంటే తలుపు బయటే అన్నాడు. అమ్మా ఇలాగే తలుపు బయటే ఉంది. మనుషులు ఇరుక్కుంటే తీసే విద్య చేతిలో ఉంది, ఏ తలుపు ఎక్కడ వత్తితే తెరుచుకుంటుందో తెలుసు, ఈ రెండు చెక్క రెక్కలకి గొళ్ళెం కూడా లేదు, తోస్తే చాలు. తోసి ఏం చేస్తాడు? లోపలున్నవాళ్ళకి పని తెలుసు. పని తెలిసినవాణ్ణి పనిచేసుకోనివ్వాలి, అది తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, పెట్టెలో ఇరుక్కున్నవాళ్ళు తలుపు బాదినకొద్దీ పని ఆలస్యమవుతుంది. అందుకని చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీ కదిలింది. ఇందాకటి పెద్దావిడ వచ్చి కూర్చుంది. ఏమైందని అడగలేదు. తమ నీళ్ళ సీసా మూత తీసి అతని వైపు పెట్టింది. తాగాడు. మూడేళ్ళలో అతనికి ఎవరైనా నీళ్ళు అందించడం ఇదే మొదటిసారని అప్పుడు తట్టింది, తట్టిందే గాని, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

మత్తు డాక్టరు బయటికి వచ్చేసరికి ఆవిడ బుగ్గలమీద మాస్కు అచ్చులు ఎర్రగా ఉన్నాయి. దూరంనుంచే చెయ్యెత్తి, "బాగుంది, పాప బాగుంది" అంటూ వచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుంటే తప్ప నిలబడలేనట్టుంది. "మీరు తలుపు కొట్టేసరికి నా దగ్గర తెరమీద అంకెలు పైకి వెళ్ళడం మొదలైంది. ఊపిరిలో బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోంది, గుండె వేగం పెరిగింది. వేడి ఇంకా రాలేదు, అది ఆఖర్న వస్తుంది. అంకెలు అలా పెరగడానికి పది కారణాలుంటాయండి. మీరు చెప్పకపోతే ముందు ఆ తొమ్మిదీ చూసుకుని పదోదానికి వచ్చేదాన్ని." ఆ మాట అని ఆగింది. "దీనికి ఒకటే మందు, పొడి, ఇందాక సీసాల్లో గిలక్కొట్టి కరిగించాం. పద్దెనిమిదేళ్ళుగా గడువు దాటగానే మార్చి కొత్తవి పెట్టిస్తున్నాను, సీసా విప్పడం ఇవాళే. జ్వరం కొద్దిగా ఎక్కి దిగింది. సూదిమందుతో మత్తు కొనసాగించి గ్రంథులు తీసేశారు. రెండు రోజులు మా కళ్ళెదుట ఉండాలి."

"నేను లేదని రాశాను" అన్నాడు.

"మీకు తెలిసింది రాశారు. చూడండి, ఇదే గ్యాసుతో నిన్న ఒక్కరోజే నలుగురు పిల్లలు నిద్రపోయి, లేచి, ఇంటికి వెళ్ళారు. తప్పు గ్యాసుదీ కాదు, మీదీ కాదు. మీ ఇంటి రక్తంలో ఉన్నట్టుంది. పాపకి ఇంకెప్పుడూ ఇది ఇవ్వకూడదు, మీకూ, మీ అన్నగారికీ కూడా, పరీక్ష చేయించేదాకా. రాసి ఇస్తాను, ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. మీ అక్కగారి రోజుల్లో ఈ మందు చాలాచోట్ల దొరికేది కాదు, ఏం జరుగుతోందో కూడా చాలామందికి తెలిసేది కాదు." లేచి, రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "చెయ్యి విరిగితే ఎవరూ చచ్చిపోరండి."

మధ్యాహ్నం దాటాక గువ్వ లేచింది. లేస్తూనే ఏడ్చింది, ఏడుపు కాదు అది, ఒళ్ళంతా నోరు చేసుకుని అరవడం. చేతికున్న గొట్టం లాగబోయింది. పట్టుకుంటే అతని ముంజేతిమీద గీరింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, అందులో అతను లేడు. "నాన్న కావాలి, నాన్నని పిలవండి" అంటోంది బొంగురు గొంతుతో, అతని ముఖంలోకే చూస్తూ. నేనేనమ్మా అన్నాడు. నువ్వు కాదు, నాన్న, అంది. ముందే చెప్పారు, తెలుసు, అరగంటలో తగ్గిపోతుంది, పిల్లకి గుర్తుండదు. గుర్తుండేది ఒక్క అతనికే. తనని పిలుస్తుంటే తనే పలకలేని ఆ అరగంటా మంచం కమ్మీ పట్టుకుని నిలబడి, వస్తాడమ్మా, నాన్న వస్తున్నాడు, దారిలో ఉన్నాడు, అంటూనే ఉన్నాడు. మెల్లగా కేకలు మూలుగులయ్యాయి, మూలుగులు ఎక్కిళ్ళయ్యాయి. ఒకసారి కళ్ళు మూసి తెరిచి, "నాన్నా, దాహం" అంది, ఎప్పుడూ అక్కడే ఉన్నవాడితో అన్నట్టు. తడి దూది పెదాలకి అద్దాడు. నిద్రపోయింది. నోరు మూసుకుని నిద్రపోయింది, ముక్కుతోనే ఊపిరి తీస్తూ. అలవాటుకొద్దీ లెక్కపెట్టబోయాడు, ఒకటి అనగానే తర్వాతి ఊపిరి వచ్చేసింది, అక్కడే ఆగిపోవాల్సి వచ్చింది.

అప్పుడు ఫోన్ చూసుకున్నాడు. అన్నయ్య పదకొండుసార్లు చేశాడు. సాయంత్రపు ఎండ పడుతున్న కిటికీ దగ్గరికి, గది గుమ్మం కనిపించే చోటికి వెళ్ళి నిలబడి చేశాడు. మోగీ మోగకముందే ఎత్తాడు అన్నయ్య.

"బాగుంది అన్నయ్యా. నిద్రపోతోంది."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. పంపు చప్పుడు లేదు, కట్టేసినట్టున్నాడు. "ఏమన్నారు?"

చెప్పాడు. డాక్టరు చెప్పిన వరసలోనే చెప్పాడు, గ్యాసు సంగతి, కండరాల సంగతి, రక్తంలో ఉండే సంగతి. "నీకూ ఉండచ్చట. పరీక్ష చేయించుకోవాలి. అక్కకి వచ్చింది ఇదేనట. పాపం, ఆ రోజుల్లో మందు లేదు."

అన్నయ్య పరీక్ష గురించి వినిపించుకోలేదు. అన్నాడు, "గోడ నేనే ఎక్కించానురా."

"ఏ గోడ?"

"అది దూకనంది. ఎత్తుగా ఉందంది. నేను పిరికిదానివన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను. అప్పుడు దూకింది."

కిటికీ అద్దం వెచ్చగా ఉంది, దానికి భుజం ఆనించాడు. ముప్ఫైనాలుగేళ్ళు. అమ్మ ముందు, నాన్న ముందు, ఒకే కంచం దగ్గర, ఒకే గదిలో పక్కపక్క మంచాల్లో, ఈ మనిషి ఈ మాటని మింగి కూర్చున్నాడు. ఏడవడానికి తనకి హక్కు లేదనుకున్నాడా? గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ పొడి కళ్ళకి తను వేసిన ప్రశ్న గుర్తొచ్చి అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అమ్మకి చెప్పావా?" అని అడిగాడు.

"ఎవరికీ చెప్పలేదు."

"అన్నయ్యా, దూకితే చెయ్యి విరిగింది. అంతే. చెయ్యి విరిగితే ఎవరూ చచ్చిపోరు. డాక్టరే అంది. అక్క పోయింది గోడ వల్ల కాదు. గ్యాసు పడక. ఆ గ్యాసు ఎప్పుడిచ్చినా, దేనికిచ్చినా అలాగే అయ్యేది. నువ్వు దూకమనకపోయినా, ఇంకో ఏడాదికి ఇంకో దానికి ఇచ్చినా."

అవతల కుర్చీ లాగి కూర్చున్న చప్పుడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు అన్నయ్య.

మళ్ళీ చెప్పాడు. గుమ్మంలోంచి గువ్వ పాదాలు కనిపిస్తున్నాయి దుప్పటి కింద. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి, మొదటినుంచి చెప్పాడు. గోడ. చెయ్యి. చెయ్యి విరిగినా అక్క బాగానే ఉంది, జ్వరం లేదు, తన కాళ్ళమీద తనే నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది, నువ్వే చెప్పావు కదా, నడుచుకుంటూ వెళ్ళిందని.

"ఊరికే నడుచుకుంటూ కాదురా," అన్నాడు అన్నయ్య. "తలుపు దగ్గర వెనక్కి తిరిగి, నన్ను చూసి, ఇంత నాలుక బయటపెట్టి వెళ్ళింది."